పుల్లలూరు, ఆర్కాటు యుద్ధభూములకు రైల్లో వెళ్లాలంటే

మీరు అడిగింది ముందు ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. మీ నాన్నగారు గూడూరు లైన్లో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యారు. చరిత్ర అంటే ఆయనకి ప్రాణం. ఫిబ్రవరిలో చెన్నై వస్తున్నారు, ఈ చుట్టుపక్కల కర్ణాటక యుద్ధాలు, మైసూరు యుద్ధాలు జరిగిన చోట్లు రైల్లో తిరిగి చూడాలని కోరిక. ఒక ఏజెన్సీ వాళ్లు రెండు రోజుల్లో అయిదు యుద్ధభూములు, కారు, గైడు, భోజనం అన్నీ కలిపి ప్యాకేజీ చెప్పారు. అది తీసుకోవచ్చా, అసలు గైడు అవసరమా అని మీ సందేహం.

ప్యాకేజీ తీసుకోకండి. గైడు మాత్రం తప్పకుండా కావాలి. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ రెండు విషయాల్లోనూ నేను దెబ్బతిని నేర్చుకున్నాను.

మా ఇల్లు పెరంబూరులో. ముప్పై ఏళ్లు రైల్వేలో పర్మనెంట్ వే పని చేశాను. పట్టాలు, కట్టలు, వంతెన కింద నీళ్లు పోయే దారి, ఇవే నా లోకం. అరక్కోణం నుంచి కాట్పాడి దాకా పుష్ ట్రాలీ (పట్టాల మీద మనుషులు తోసే బండి) మీద లెక్కలేనన్ని సార్లు తిరిగాను. ట్రాలీ మీద కూర్చుంటే నేల ఎక్కడ లేస్తోంది, ఎక్కడ దిగుతోంది, ఏ చెరువు నిండితే నీళ్లు ఏ తూము మీదికి వస్తాయి అన్నది ఒంటికే తెలిసిపోతుంది. రిటైరయ్యాక తెలిసినవాళ్లను నలుగురైదుగురిని వెంటపెట్టుకుని ఈ చోట్లకి వెళ్తున్నాను.

రైల్లోనే వెళ్లమనడానికి కారణం ఉంది. ఫిరంగిని లాగే ఎడ్లకీ, ఆవిరి ఇంజనుకీ కావలసింది దాదాపు ఒకటే. రెండింటికీ దారి పొడవునా నీళ్లు ఉండాలి. రెండూ నిటారు ఎత్తు ఎక్కలేవు. వందకి ఒకటి చొప్పున ఎత్తు వస్తే గూడ్సు బండి ఎలా మూలుగుతుందో మీ నాన్నగారికి నేను చెప్పనక్కర్లేదు. మైసూరు హైదర్ అలీ సైన్యమైనా, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ సైన్యమైనా మైసూరు మెట్ట నేలకీ సముద్ర తీరానికీ మధ్య నడవాలంటే పాలారు లోయ ఒక ముఖ్యమైన దారి. తర్వాత వందేళ్లలోపే రైల్వే ఇంజనీర్లు లెవెల్ పట్టి చూసుకున్నా ఆ దారే దొరికింది. అందుకే రైలు కిటికీలోంచి ఎడమ పక్క చూస్తూ కాట్పాడి దాకా వెళ్తే సైన్యాలు నడిచిన నేల మొత్తం కళ్ల ముందు నుంచి పోతుంది. హైవే మీద కారులో ఇది తెలియదు. ఫ్లైఓవర్లు, టోల్‌గేట్లు, హోటళ్లు తప్ప నేల వాలు కనిపించదు.

దక్షిణాదిలో మొదటి రైలు పోయింది కూడా ఈ దారినే. రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా 1856 జూలై 1న మొదలైంది. అప్పట్లో ఆ చివరి స్టేషన్ని ఆర్కాటు అనేవారు. సరిగ్గా 75 ఏళ్ల ముందు అదే తేదీన, 1781 జూలై 1న, పరంగిపేట దగ్గర హైదర్ అలీకీ కంపెనీ సేనాని ఐర్ కూట్‌కీ యుద్ధం జరిగింది. తేదీలు కలవడం కాకతాళీయమే. కానీ కూట్ ఆ ఏడాదంతా ఎడ్లు చాలక, బియ్యం చాలక, గెలిచిన తర్వాత కూడా హైదర్‌ని తరమలేక ఆగిపోయేవాడని చదివినప్పుడు, ఆ రైలు ఒక్కటి అప్పుడే ఉంటే ఏమయ్యేదో అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. వీలైతే మొదటి రోజు సాయంత్రం రాయపురం స్టేషన్ భవనం చూపించండి. ఆ స్తంభాల ముందు అరగంట చాలు.

ఇక గైడు సంగతి. కోటకైతే గోడ ఉంటుంది, గుడికి గోపురం ఉంటుంది. యుద్ధభూమిలో చూడటానికి ఏమీ ఉండదు. వరి పొలం, ఒక చెరువు కట్ట, తాటిచెట్లు, దూరంగా ఇటుక బట్టీ. ఎక్కడ నిలబడాలో, ఎటు తిరిగి చూడాలో చెప్పేవాళ్లు లేకపోతే అది మామూలు పొలమే. నేను మొదటిసారి కంచి దగ్గరున్న పుల్లలూరు వెళ్లినప్పుడు అదే జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన మా చుట్టాలను తీసుకెళ్లాను. ఒక ఏజెన్సీ పంపిన కుర్రాడు కారు దిగగానే పొలం పక్కనున్న స్తంభాన్ని చూపించి, ‘ఇది బెయిలీ సమాధి’ అని చెప్పి, ఫొటోలు తీయించి, పదిహేను నిమిషాల్లో మమ్మల్ని కంచిలో పట్టుచీరల కొట్టుకి చేర్చాడు. బెయిలీ అంటే 1780లో అక్కడ హైదర్ చేతిలో ఓడిన కంపెనీ కల్నల్. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే ఆయన చనిపోయింది అక్కడ కాదు, శ్రీరంగపట్నం ఖైదులో, 1782లో. చుట్టాల ముందు తల తీసేసినట్టయింది.

పుల్లలూరు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన తెలుగువాళ్లకి ఆ కథ ఇంటి గుమ్మంలోంచే మొదలవుతుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో పొల్లిలూర్ అని ఉంటుంది. 1780లో హైదర్ దాదాపు ఎనభై వేల సైన్యంతో కనుమలు దిగి ఆర్కాటు రాజ్యం మీద పడ్డాడు. అప్పుడు కల్నల్ విలియం బెయిలీ తన దళంతో గుంటూరు సీమలో ఉన్నాడు. వెంటనే బయల్దేరి వచ్చి కంచిలో కంపెనీ సేనాని హెక్టర్ మన్రో సైన్యాన్ని కలుసుకోమని కబురు వెళ్లింది. బెయిలీ దక్షిణానికి వచ్చాడు. ఆగస్టు ఆఖరులో కొర్తలయ్యారు నది ఒడ్డుకి చేరి, ఆ రోజే దాటకుండా ఉత్తరపు గట్టున మకాం వేశాడు. రాత్రికి రాత్రి నదికి నీళ్లు వచ్చేశాయి. దాటేసరికి సెప్టెంబరు మొదటివారం. ఈలోగా హైదర్ కొడుకు టిప్పు దళం అడ్డం వచ్చేసింది.

6వ తేదీన పేరంబాకం దగ్గర మొదటి దెబ్బ. మన్రో కంచి నుంచి వెయ్యి మందిని సాయం పంపాడు గానీ తను కదల్లేదు. 9వ తేదీ రాత్రి బెయిలీ కంచి వైపు నడక మొదలుపెట్టి, సగం దారిలో ఆపి, తెల్లవారేదాకా ఆగాడు. ఆ ఆగడమే కొంప ముంచింది. 10వ తేదీ పొద్దున్న టిప్పు ఫిరంగులు ఒకవైపు, హైదర్ సైన్యం మొత్తం మరోవైపు. పైన రాకెట్లు. మందుగుండు బండ్లు పేలిపోయాయి. మూడు వేల ఎనిమిది వందల మంది దాకా ఉన్న దళం తుడిచిపెట్టుకుపోయింది. మన్రో ఆ ఫిరంగుల మోత వింటూ బయల్దేరాడు, అందుకోలేక వెనక్కి తిరిగాడు, పెద్ద ఫిరంగులను కంచిలోనే చెరువులోకి తోయించి చెంగల్పట్టు దారి పట్టాడు.

రెండోసారి వెళ్లినప్పుడు కంచి దగ్గరే ఒక పల్లెలో ఉండే రిటైర్డ్ స్కూలు మాస్టారిని వెంటబెట్టుకున్నాను. ఆయన చేసిన పని ఈనాటికీ మర్చిపోలేను. మమ్మల్ని స్తంభాల దగ్గరికి తీసుకెళ్లలేదు. ముందు చెరువు కట్ట ఎక్కించారు. పొద్దున్న ఏడు గంటలు, మంచు ఇంకా విడిపోలేదు, కాళ్ల కింద తుమ్మ ముళ్లు. మేకల్ని తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగి మమ్మల్ని చూస్తున్నాడు. మాస్టారు కంచి వైపు చెయ్యి చూపించి, ‘పేరంబాకం నుంచి కంచికి పద్నాలుగు మైళ్లు. ఎడ్లు గంటకి ఎంత నడుస్తాయి?’ అని అడిగారు. ఎవరూ చెప్పలేకపోతే ఆ మేకల పెద్దాయన్ని అడిగారు. బరువు బండి అయితే కోసెడు దూరానికే గంటకి పైగా పడుతుందని ఆయన వేళ్ల మీద లెక్క వేసి చెప్పాడు. మేం గంటకి మూడు కిలోమీటర్లు వేసుకున్నాం. ఇరవై రెండు కిలోమీటర్లకి ఏడు గంటల పైచిలుకు. అంటే ఆ రాత్రి ఆగకుండా నడిచి ఉంటే తెల్లవారే వేళకి కంచి పొలిమేరలో ఉండేవాడు. ఆ లెక్క నోటితో వేసుకున్నాక మాలో ఒకావిడ కట్ట మీదే కూలబడిపోయింది. పుస్తకంలో ‘రాత్రి విశ్రాంతి తీసుకొనెను’ అన్న ఒక్క వాక్యం వెనక ఎన్ని వేల ప్రాణాలున్నాయో అక్కడ తెలిసింది.

తర్వాత స్తంభాల దగ్గరికి నడిచాం. మొదట్లో వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, పొలాల మధ్య రెండు ఉన్నాయి. ఇవి 1780 నాటివి కావు. మరుసటేడు, 1781 ఆగస్టు 27న, అదే చోట హైదర్, కూట్ మళ్లీ తలపడ్డారు. ఆ చోటు తనకి కలిసొచ్చిందని హైదర్ ఏరికోరి అక్కడే నిలబడ్డాడని అంటారు. ఆ రోజు చనిపోయిన ఇద్దరు ఇంగ్లీషు అధికారుల గుర్తులవి. పడిపోయిన సిపాయిల్లో మనవాళ్లు ఎంతమందో ఉంటారు, వాళ్లకి ఒక్క రాయి కూడా లేదు. నేను వెళ్లినప్పుడల్లా కట్ట మీద నిలబడి వాళ్ల కోసం ఒక్క నిమిషం ఆగుతాను. మీరూ ఆగండి.

అందుకే గైడుని మాట్లాడుకునేటప్పుడు ఫోన్లో నేను ఒకటే అడుగుతాను: పుల్లలూరు స్తంభాలు ఏ యుద్ధానివి? 1781 అని చెప్పేవాడు పుస్తకం తెరిచినవాడు. బెయిలీవి అనేవాడికి నమస్కారం పెట్టి ఫోన్ పెట్టేయండి. పల్లవ మహేంద్రవర్మ శత్రువులను ఓడించానని చెప్పుకున్న పుల్లలూరు కూడా ఇదే, కశాకుడి రాగిరేకుల్లో ఆ పేరు ఉంది. ఏడో శతాబ్దంలో ఒకసారి, పద్దెనిమిదో శతాబ్దంలో రెండుసార్లు ఒకే ఊరి పొలాల్లో యుద్ధం ఎందుకు జరిగిందో చెప్పగలిగితే ఆ మనిషిని వదులుకోకండి. కంచికి ఉత్తరం నుంచి వచ్చేవాడెవడైనా ఇటు రావాల్సిందే, ఇక్కడి చెరువు కట్టలే కోటగోడలు. జవాబు అంతే, కానీ అది నేల మీద నిలబెట్టి చూపించాలి.

టూరిజం శాఖ గుర్తింపు కార్డు ఉన్న గైడ్లు చెన్నైలో, కంచిలో దొరుకుతారు. గుళ్ల గురించి అద్భుతంగా చెబుతారు. యుద్ధాల సంగతి అందరికీ రాదు, అది వాళ్ల తప్పు కాదు, అడిగేవాళ్లు తక్కువ. కార్డు చూడండి, కానీ కార్డుతోనే ఆగిపోకండి. డబ్బు రోజుకి ఇంత అని మాట్లాడుకోండి, చోటుకి ఇంత అని మాట్లాడితే పరుగులు పెట్టిస్తారు. షాపింగుకి తీసుకెళ్లొద్దని ముందే చెప్పేయండి. ఆటో, భోజనం ఎవరి ఖర్చో తేల్చుకోండి. తెలుగు వచ్చినవాళ్లే కావాలని పట్టుబట్టక్కర్లేదు. కంచి, ఆర్కాటు, వేలూరు వైపు పల్లెల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు బోలెడు. దారిలో పలకరిస్తే వాళ్లే కలుపుకుంటారు.

ఇప్పుడు దారి. చెన్నై బీచ్ స్టేషన్ నుంచి చెంగల్పట్టు, కాంచీపురం, తిరుమాల్పూరు మీదుగా అరక్కోణం వెళ్లే లైను పట్టుకోండి. అరక్కోణం, కాంచీపురం మధ్య 1865లోనే లైట్ రైల్వేగా వేసిన ముక్క ఇందులో ఉంది. బండ్లు తక్కువ, కాబట్టి ముందురోజు రాత్రి టైమింగ్స్ చూసుకోండి. తెల్లవారుజామున బయల్దేరి కాంచీపురంలో దిగి, ఆటో మాట్లాడుకుని పుల్లలూరు వెళ్లి రండి. పదిహేను కిలోమీటర్ల దూరం. పది దాటితే ఎండ, మీ నాన్నగారి వయసుకి కట్ట మీద నిలబడటం కష్టం. మధ్యాహ్నం భోజనం చేసి అరక్కోణం వైపు బండి ఎక్కితే దారిలో తక్కోలం స్టేషన్ వస్తుంది. దిగక్కర్లేదు, తలుపు దగ్గర నిలబడి చూస్తే చాలు. 949లో రాష్ట్రకూట మూడో కృష్ణుడికీ చోళులకీ ఇక్కడే యుద్ధం. చోళ యువరాజు రాజాదిత్యుడు ఏనుగు మీదే ప్రాణాలు విడిచాడు. అరక్కోణంలో మారి తిరువళ్లూరు మీదుగా ఇంటికి. ఒక పూర్తి చుట్టు అవుతుంది, నాన్నగారికి అదే పెద్ద సంతోషం.

రెండో రోజు వాలాజా రోడ్డు. షోళింగర్ స్టేషన్ దాటేటప్పుడు 1781 సెప్టెంబరు 27న హైదర్‌కీ కూట్‌కీ జరిగిన యుద్ధం గుర్తు చేయండి, పుల్లలూరు రెండో యుద్ధానికి సరిగ్గా నెల తర్వాత. వాలాజా రోడ్డులో దిగి రాణిపేట మీదుగా పాలారు దాటితే ఆర్కాటు. 1751లో రాబర్ట్ క్లైవ్ రెండు వందల మంది తెల్లవాళ్లు, మూడు వందల మంది సిపాయిలతో వచ్చి ఈ కోట పట్టుకున్నాడు. ఆర్కాటు నవాబు పదవి కోసం ఫ్రెంచివాళ్ల అండతో పోరాడుతున్న చందాసాహెబు కొడుకు రజాసాహెబు యాభై రోజులు ముట్టడించాడు. నుదుటికి ఇనుప పలకలు కట్టిన ఏనుగులను తలుపుల మీదికి తోలితే, తుపాకీ దెబ్బలకి అవి వెనక్కి తిరిగి సొంత మనుషుల్నే తొక్కేశాయి. తిండి తక్కువైనప్పుడు సిపాయిలు అన్నం తెల్లవాళ్లకిచ్చి తాము గంజి తాగారని ఒక కథ ఉంది, గైడ్లందరూ చెబుతారు. కోట పోయింది, ఢిల్లీ గేట్ అనే ద్వారం ఒక్కటి మిగిలింది. అక్కడ నిలబడి పాలారు వైపు చూడండి. ఫిబ్రవరిలో నదిలో ఇసుకే ఉంటుంది. కింద నీళ్లున్నాయి కాబట్టే ఇంత పెద్ద ఊరు పుట్టింది, ఇన్ని సైన్యాలు వచ్చాయి.

ఓపిక ఉంటే అదే రోజు కాట్పాడి దాకా వెళ్లి వేలూరు కోట చూడొచ్చు. 1806 జూలై 10 సిపాయి తిరుగుబాటు చోటు అదే. కొత్త తలపాగా పెట్టుకోమన్నారు, నుదుటి బొట్టు చెరపమన్నారు, గడ్డాలు తీయమన్నారు. తెల్లవారకముందే సిపాయిలు లేచారు. ఆర్కాటు నుంచి గిలెస్పీ అనే ఇంగ్లీషు అధికారి గుర్రపు దళంతో పాతిక కిలోమీటర్లు దౌడు తీసి వచ్చి అణచివేశాడు. పొద్దున్న మీరు ఆర్కాటులో ఉండి మధ్యాహ్నం వేలూరులో ఉంటే ఆ దూరం ఎంతో తెలుస్తుంది. అలసిపోతే వదిలేయండి, కోట ఎక్కడికీ పోదు.

ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ తలపడిన వందవాసిని ఈ రెండు రోజుల్లో ఇరికించకండి. అక్కడికి రైలు లేదు, దిండివనంలో దిగి బస్సులో గంటకి పైనే. ఏజెన్సీ అయిదు చోట్లు అన్నదంటే దీన్ని కారు కిటికీలోంచే చూపిస్తారు. దానికి విడిగా ఒక రోజు ఇవ్వాలి, మన తెలుగువాళ్లయితే మరీను. 1757 జనవరి 24న విజయనగరం రాజుతో కలిసి బొబ్బిలి కోటని నేలమట్టం చేసిన ఫ్రెంచి బుస్సీ గుర్తున్నాడు కదా? మరుసటేడు ఫ్రెంచి సేనాని లాలీ అతన్ని దక్షిణానికి పిలిపించుకున్నాడు. అతను అటు వెళ్లగానే 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లీషువాళ్లు గెలిచి కోస్తా జిల్లాలు లాక్కున్నారు. ఇటు 1760 జనవరి 22న వందవాసిలో లాలీ ఓడిపోయాడు, బుస్సీ పట్టుబడ్డాడు. ఫ్రెంచివాళ్లు ఎడమ పక్కన ఒక చెరువు కట్టని ఆసరా చేసుకుని నిలబడితే, వాళ్ల మందుగుండు బండి ఒకటి పేలి ఆ వరస చెదిరిపోయింది. బొబ్బిలికి, వందవాసికి మధ్య మూడేళ్లకి రెండు రోజులు తక్కువ. మా అమ్మ బొబ్బిలి కథ చెబుతూ ఏడ్చేది. వందవాసిలో ఆ పొలం గట్టు మీద నిలబడి నేను మా అమ్మకి ఫోన్ చేశాను. బుస్సీ ఇక్కడే దొరికిపోయాడమ్మా అంటే చాలాసేపు ఏం మాట్లాడలేదు.

తీసుకెళ్లాల్సినవి పెద్దగా ఏం లేవు. నీళ్లు, టోపీ, బూట్లు. చెప్పులతో చెరువు కట్ట ఎక్కనివ్వకండి. పొలాల్లోకి దిగేముందు రైతుని అడగండి. రైల్వే కట్ట మీదకి మాత్రం ఎవరినీ ఎక్కనివ్వకండి, ఎంత మంచి ఫొటో వస్తుందన్నా సరే. పట్టాల మీద పని చేసినవాడిగా చేతులు జోడించి చెబుతున్నాను.

ఇంకొక్క మాట. యాత్ర చెన్నైలో దిగాక మొదలుపెట్టకండి. మీ నాన్నగారు ఎలాగూ గూడూరు మీదుగానే వస్తారు. పొన్నేరి, మీంజూరు దాటాక ఎన్నూరు దగ్గర బండి ఒక నది దాటుతుంది. ఇప్పుడు కొసస్థలైయారు అంటున్నారు, బెయిలీని ఆపేసిన కొర్తలయ్యారు అదే, అతను దాటింది కాస్త ఎగువన. ఆ వంతెన మీద ఆయన ఎన్ని వందల బండ్లు నడిపారో. ఈసారి కిటికీ పక్కన కూర్చోబెట్టి, నది రాగానే గుంటూరు నుంచి నడిచొచ్చిన ఆ దళం సంగతి చెప్పండి.